1930కి ఫోన్ చేశాక ఏం జరుగుతుంది: మా పెదనాన్నగారి కేసులో నా అనుభవం

సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే ఫిర్యాదు చేయాల్సిన 1930 అనే నంబరు ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆమధ్య ఎవరికి ఫోన్ చేసినా రింగుకి ముందు వినిపించింది అదే కదా. కానీ ఆ నంబరుకి ఫోన్ చేశాక ఏమేం అడుగుతారు, తర్వాత ఎక్కడెక్కడికి వెళ్లాలి, పోయిన డబ్బు వెనక్కి వస్తే ఏ దారిన వస్తుంది అని చుట్టుపక్కల అడిగితే సరిగ్గా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. మా పెదనాన్నగారి కోసం ఆ పనంతా దగ్గరుండి చేశాను కాబట్టి రాస్తున్నాను. పెదనాన్న అనుమతితోనే రాస్తున్నాను. "నలుగురికి పనికొస్తుందంటే రాయి, పేరు మాత్రం వద్దు" అన్నారు.

ఆయన తెనాలిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. కొడుకు, అంటే మా అన్నయ్య, డాలస్‌లో ఉంటాడు. నేను పెదనాన్న వాళ్లింటికి రెండు వీధుల అవతల ఉంటాను. ఆడిటరుగారి ఆఫీసులో పని, కాబట్టి బ్యాంకు కాగితాలు, ఆన్‌లైన్ ఫారాలు నాకు కొత్త కావు.

ఒక ఆదివారం తెల్లవారుతుండగా పెదనాన్నకి వాట్సాప్ కాల్ వచ్చింది. నంబరు కొత్తది, డీపీలో అన్నయ్య ఫొటో. ఎత్తగానే ఏడుపు. "డాడీ, యాక్సిడెంట్ అయింది. నా ఫోన్ పోలీసులు తీసుకున్నారు. ప్లీజ్ డాడీ, అమ్మకి చెప్పొద్దు." గొంతు అన్నయ్యదే. "ఎక్కడున్నావురా, దెబ్బలేమైనా తగిలాయా" అని పెదనాన్న అడుగుతుంటే దేనికీ జవాబు లేదు, మళ్లీ ఆ "ప్లీజ్ డాడీ" ఒక్కటే వినిపించింది. వెంటనే ఇంకెవరో ఫోన్ అందుకుని, తాను లాయరునని ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు. ఎదుటి కారులో గర్భిణి ఉందనీ, ఈ రాత్రికి బెయిల్ దొరక్కపోతే సోమవారం దాకా జైల్లోనే ఉంచుతారనీ, ఇండియాలో తమ ఆఫీసు అకౌంటుకి డబ్బు వేస్తే గంటలో బయటికి తెస్తాననీ చెప్పాడు.

యూపీఐలో ఒక అకౌంటు నుంచి రోజుకి మామూలుగా లక్షే వెళుతుంది. పెన్షన్ అకౌంటు నుంచి లక్ష, ఇంకో బ్యాంకులో ఉన్న అకౌంటు నుంచి డెబ్బై ఐదు వేలు పంపారు. ఫోన్ మాత్రం కట్ చేయనివ్వలేదు. ఇంకో రెండు లక్షలు కావాలన్నప్పుడు పెద్దమ్మని లేపక తప్పలేదు ఆయనకి. పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. "అమ్మాయ్, నీ దగ్గర ఓ రెండు లక్షలు సర్దుబాటవుతాయా? ఎందుకని అడక్కు, సాయంత్రం చెబుతాను" అంది. ఆవిడ నా దగ్గర ఎన్నడూ పది రూపాయలు అడిగిన మనిషి కాదు. గుచ్చి గుచ్చి అడిగితే ఏడ్చేసింది. ఆవిడని లైన్లోనే ఉంచి, మా ఆయన ఫోన్ నుంచి అన్నయ్య సొంత నంబరుకి చేశాను. అక్కడ శనివారం రాత్రి ఎనిమిది దాటింది. ఇండియన్ స్టోర్‌లో కూరగాయలు ఏరుకుంటున్నాడు. "ఏంటే ఈ టైంలో, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా" అన్నాడు.

ఇక్కడి నుంచి అసలు పని మొదలైంది.

నేను పరుగున వెళ్లేసరికి పెదనాన్న కుర్చీలో కూలబడి ఉన్నారు. ఓదార్చడం తర్వాత, ముందు ఫోన్ ఇవ్వండి అన్నాను. 1930కి కలిపితే కాసేపు బిజీ వచ్చింది. మా ఆయన ఇంకో ఫోన్లో కలుపుతూనే ఉన్నారు, ఈలోపు నేను కావలసినవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. అది చాలా పనికొచ్చింది. వాళ్లు అడిగేవి ఇవే: ఎవరి డబ్బు పోయింది, ఆయన మొబైల్ నంబరు, ఏ బ్యాంకు, అకౌంటు నంబరు, ఏ రోజు ఎన్ని గంటలకి ఎంత వెళ్లింది, ఏ యూపీఐ ఐడీకి వెళ్లింది, ఒక్కో లావాదేవీకి యూటీఆర్ నంబరు ఎంత. ఈ యూటీఆర్ దగ్గర చాలామంది తడబడతారు. పేమెంట్ యాప్ తెరిస్తే పైన యాప్ తాలూకు సొంత ఐడీ ఒకటి పొడుగ్గా ఉంటుంది. అది కాదు. కింద పన్నెండు అంకెల నంబరు విడిగా ఉంటుంది, బ్యాంకులు డబ్బుని వెతికేది దాంతోనే. ఒక్క అంకె తప్పు చెప్పినా వెతుకులాట ఆగిపోతుంది. నేను చదువుతుంటే మా ఆయన పక్కన నిలబడి మరోసారి సరిచూశారు.

ఫోన్ పెట్టేసిన కాసేపటికి మెసేజ్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు వచ్చింది. దాంతో పని అయిపోయిందనుకోకూడదు. ఆ నంబరుతో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోకి వెళ్లి, స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి ఫిర్యాదు పూర్తి చేయాలి. ఒక్క రోజులోపే చేయమన్నారు. మేం ఆ పూటే చేసేశాం. వాట్సాప్‌లో ఆ నంబరుని కోపంతో బ్లాక్ చేసి చాట్ డిలీట్ చేయబోయారు పెదనాన్న. ఆపాను. ఆ నంబరు, కాల్ వచ్చిన సమయం, వాడు పంపిన అకౌంటు వివరాలు అన్నీ ముందు స్క్రీన్‌షాట్ తీయాలి. మనకున్న సాక్ష్యం అదే.

వెనక జరిగేది ఏమిటో తర్వాత తెలిసింది. 1930లో మనం చెప్పిన వివరాలు కేంద్ర హోంశాఖ కింద ఉన్న ఐ4సీ (సైబర్ నేరాల సమన్వయ కేంద్రం) వ్యవస్థలోకి వెళతాయి. అక్కడి నుంచి డబ్బు చేరిన బ్యాంకుకి వెంటనే సమాచారం వెళుతుంది. డబ్బు ఇంకా ఆ అకౌంటులో ఉంటే ఆ మొత్తాన్ని హోల్డ్‌లో పెడతారు. అప్పటికే వేరే బ్యాంకుకి దాటించేసి ఉంటే సమాచారం ఆ బ్యాంకుకి, అక్కడి నుంచి దాటితే ఆ పై బ్యాంకుకి వెళుతుంది. ఏటీఎంలో తీసేసుకున్నాక ఇక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మా కేసులో లక్ష అప్పటికే మూడు అకౌంట్లకి చీలిపోయింది, అందులో కొంత ఏటీఎం దాకా వెళ్లిపోయింది. డెబ్బై ఐదు వేలు మాత్రం చాలావరకు కదలకుండా దొరికింది. అన్నీ కలిపి లక్షా పన్నెండు వేలు ఆగాయి. ఇంకో గంట ఏడుపుల్లో, తర్జనభర్జనల్లో గడిచిపోయి ఉంటే ఆ డెబ్బై ఐదూ ఉండేవి కావు.

ఆదివారం కాబట్టి బ్రాంచి లేదు. కస్టమర్ కేర్‌కి చేసి రెండు అకౌంట్లకీ యూపీఐ ఆపించాం. సోమవారం పొద్దున్నే బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. అక్కడ కౌంటర్లో ఉన్నతను కాగితం చూడకుండానే "పిన్ మీరే కొట్టారు కదండీ, మేమేం చేస్తాం" అన్నాడు. పెదనాన్న ముఖం పాలిపోయింది. అతను అన్నదాంట్లో ఒక నిజం ఉంది. మన ప్రమేయం లేకుండా డబ్బు పోతే మూడు పని దినాల్లోపు చెబితే బాధ్యత మనది కాదని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశం ఇచ్చింది గానీ, మనమే పిన్ కొట్టి పంపినదానికి అది సాయపడదు. అంతమాత్రాన ఫిర్యాదు తీసుకోనక్కర్లేదని కాదు. మేనేజరు దగ్గరికి వెళ్లి, నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకునే దాకా కదల్లేదు నేను. తర్వాత కోర్టులో ఆ కాగితం అడిగారు.

పోలీసు స్టేషన్‌కి రావడానికి పెదనాన్న ఒప్పుకోలేదు. నిజానికి ఈ మొత్తంలో నాకు కష్టమైంది ఇదొక్కటే. "నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినవాడిని, స్టేషన్లో నా పాత స్టూడెంట్ ఎవడైనా ఉంటే ఏం మొహం పెట్టుకుని చెప్పను" అన్నారు. పోయిన డబ్బు కంటే ఆ మాటే నాకు ఎక్కువ బాధనిపించింది. "పెదనాన్నా, మీరు లాటరీకి ఆశపడి పంపలేదు. బిడ్డ ఏడుస్తుంటే పంపారు. మా నాన్న ఉన్నా అదే చేసేవారు" అన్నాను. ఇలా సిగ్గుపడి బయటికి చెప్పని పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 2024లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్నది ఇరవై రెండు వేల కోట్ల పైమాటేనని కేంద్రం పార్లమెంటుకి చెప్పింది. అంతమంది తెలివితక్కువవాళ్లు కారు కదా. ఈ మాట చెప్పాక చొక్కా వేసుకుని బయల్దేరారు.

స్టేషన్లో అక్నాలెడ్జ్‌మెంట్ కాపీ, స్టేట్‌మెంట్, ఆధార్ నకలు, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు ఇచ్చాం. ఎఫ్‌ఐఆర్‌లో బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 318(4), 319(2), ఐటీ చట్టంలోని 66సీ, 66డీ సెక్షన్లు పెట్టారు. మోసం, వేరొకరిలా నటించడం, గుర్తింపు దొంగతనం, కంప్యూటర్ సాయంతో ఆ నటన. కేసు చూసిన ఎస్సైగారు పెదనాన్నని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మొత్తం ఓపిగ్గా విన్నారు. ఆ గొంతు ఏఐతో చేసిందేనా అని అడిగాను. కాల్ రికార్డు కాలేదు కాబట్టి ఖాయంగా తేల్చలేం, కేసుకి అది తేలాల్సిన అవసరం కూడా లేదు అన్నారు. కానీ పద్ధతి మాత్రం అదేనట. దొంగగొంతుతో రెండు మూడు ముక్కలు తయారుచేసి పెట్టుకుంటారు, ఏడుపుతో కలిపి వాటినే వినిపిస్తారు, ప్రశ్నలు మొదలయ్యేసరికి 'లాయరో' 'పోలీసో' ఫోన్ అందుకుంటాడు. పెదనాన్న అడిగినదానికి ఒక్కదానికీ జవాబు రాకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది.

అన్నయ్య గొంతు వాళ్లకి ఎక్కడ దొరికింది? వాళ్ల ఊళ్లో తెలుగు సంఘం ఉగాది వేడుకలకి యాంకరింగ్ చేశాడు, ఆ వీడియో యూట్యూబ్‌లో అందరికీ కనబడేలా ఉంది. నా అనుమానం దాని మీదే. మూడు సెకన్ల నమూనా ఉంటే గొంతుని అనుకరించే పరిశోధనని మైక్రోసాఫ్ట్ 2023 జనవరిలోనే బయటపెట్టింది. అన్నయ్య వీడియోలన్నీ తీసేస్తానన్నాడు. నేను వద్దన్నాను. పెళ్లి వీడియోలు, స్కూల్ డే వీడియోలు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు... ఎన్నని దాస్తాం? గొంతు దాచుకుని బతకడం అయ్యే పని కాదు. గొంతు విన్నంత మాత్రాన డబ్బు కదలకుండా చూసుకోవడం అయ్యే పని. మా ఇంట్లో చేసిన ఏర్పాట్లన్నీ ఆ ఒక్క ఆలోచన మీదే చేశాం.

మొదటిది, డబ్బు మాట వచ్చిన ఏ కాల్ అయినా కట్ చేయడం, మన ఫోన్లో ముందే సేవ్ అయి ఉన్న నంబరుకి మనమే తిరిగి చేయడం. వాడిచ్చిన నంబరుకి కాదు. అవతల ఎంత ఏడ్చినా, "కట్ చేస్తే కొంప మునుగుతుంది" అన్నా సరే. ఎత్తకపోతే కోడలికి, ఆమె ఎత్తకపోతే అక్కడే ఉన్న అన్నయ్య స్నేహితుడికి. ఈ మూడు నంబర్లూ పెద్దక్షరాలతో అట్ట మీద రాసి టీవీ పక్కన పెట్టాం, కింద 1930, స్టేషన్ నంబరు కూడా. రెండోది, ఒక ప్రశ్న. ఏ ఫేస్‌బుక్‌లోనూ, ఏ ఫొటోలోనూ లేని ఇంటి సంగతి ఒకటి పెద్దమ్మే ఎంచింది. అదేమిటో సహజంగానే ఇక్కడ రాయను. పుట్టినరోజులు, పెళ్లిరోజు, చదివిన కాలేజీ లాంటివి పనికిరావు, అవన్నీ నెట్‌లో ఉంటాయి.

చెప్పి వదిలేస్తే సరిపోదనిపించింది. టెన్షన్‌లో చెప్పినవేవీ గుర్తుకు రావు, చేసి అలవాటైనదే చేతికి వస్తుంది. అందుకే మా ఆయన స్నేహితుడొకాయన చేత కొత్త నంబరు నుంచి బ్యాంకు పేరుతో చేయించాం, ఇంకోసారి కరెంటు బిల్లు పేరుతో. మొదట్లో పెదనాన్న మర్యాద కోసం అవతలివాడి మాట పూర్తయ్యేదాకా వినేవారు. వినడమే వాళ్లకి కావాలి, మర్యాదకి మన ఫోన్లో సేవ్ అయి ఉన్న నంబరుకి మళ్లీ చేద్దురు గాని అని చెబితే, మెల్లగా మాట మధ్యలో కట్ చేయడం అలవాటైంది. తర్వాత ఒకసారి అన్నయ్య నిజంగానే ఎయిర్‌పోర్టులో చార్జింగ్ అయిపోయి పక్కాయన ఫోన్ నుంచి చేస్తే పెదనాన్న రెండు ముక్కలు విని కట్ చేసేశారు. కోడలికి చేసి సంగతి కనుక్కున్నాకే కుదుటపడ్డారు. అన్నయ్యకి కోపం రాలేదు, చాలా సంతోషించాడు.

మూడోది బ్యాంకు వైపు. పెన్షన్ అకౌంటుకి యూపీఐ పూర్తిగా తీయించాం. కూరగాయలకి, మందులకి వేరే అకౌంటు, అందులో ఐదారు వేలకు మించి ఉంచరు. బ్యాంకు యాప్‌లో రోజు పరిమితి మనమే తగ్గించుకోవచ్చు, తగ్గించాం. వాట్సాప్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే సెట్టింగ్ ఉంది, అది పెట్టాం. వాట్సాప్‌కి అదనంగా ఒక పిన్ అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాం. టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో పెదనాన్న పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూశాం. అందులోనే చక్షు అనే విభాగంలో అనుమానం వచ్చిన కాల్స్, మెసేజ్‌ల గురించి చెప్పొచ్చు. డబ్బు పోయాక మాత్రం చక్షు కాదు, 1930నే.

"వీడియో కాల్‌లో మొహం చూస్తే సరిపోతుంది కదా" అని చాలామంది నన్ను అడిగారు. సరిపోదు. 2023లో కోజికోడ్‌లో ఒక రిటైర్డ్ ఉద్యోగికి పాత సహోద్యోగి మొహంతోనే వాట్సాప్ వీడియో కాల్ వచ్చింది, నలభై వేలు పంపారు. 2024 మొదట్లో హాంకాంగ్‌లో ఆరప్ అనే ఇంజనీరింగ్ కంపెనీ ఉద్యోగి వీడియో మీటింగ్‌లో తన పైఅధికారినీ, తోటివాళ్లనీ చూసి, నమ్మి ఇరవై కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపించేశారు. ఆ మీటింగ్‌లో కనబడినవాళ్లంతా డీప్‌ఫేక్‌లే, అంటే ఏఐతో తయారుచేసిన నకిలీ మనుషులే. కంప్యూటర్ల మధ్య పనిచేసే మనిషే పోల్చుకోలేకపోతే, అరచేతి వెడల్పు తెరలో, అదీ కళ్లజోడు వెతుక్కుంటూ, పెదనాన్న పోల్చుకోవాలనడం అన్యాయం. కళ్లు ఆర్పుతున్నాడా, పెదాలు కలుస్తున్నాయా అని పరీక్షగా చూడమనే సలహాల మీద నాకు నమ్మకం లేదు. ఈ ఏడు కనబడే లోపం వచ్చే ఏడు ఉండదు. కట్ చేసి మనం చేయడానికి మాత్రం మొహంతోనూ గొంతుతోనూ పని లేదు.

కేసు నడుస్తుండగా ఇంకో కాల్ వచ్చింది, దీని గురించి ఎవరూ ముందు హెచ్చరించలేదు. సైబర్ క్రైమ్ ఆఫీసు నుంచి అన్నాడు. పోయిన మొత్తం ఎంతో సరిగ్గా చెప్పాడు. "మీ డబ్బు రిలీజ్ అయింది సార్, ప్రాసెసింగ్ ఫీజు కడితే ఇవాళే క్రెడిట్ అవుతుంది" అన్నాడు. ఒకసారి మోసపోయినవాళ్ల వివరాలు అమ్ముడుపోతాయట, పోయింది తిరిగి రావాలన్న ఆశ మీద రెండో దెబ్బ కొడతారు. పెదనాన్న కట్ చేసి, అట్ట మీదున్న స్టేషన్ నంబరుకి చేసి ఎస్సైగారితోనే మాట్లాడారు. పోలీసులుగానీ, 1930 వాళ్లుగానీ, కోర్టుగానీ డబ్బు తిరిగివ్వడానికి ఫోన్లో ఫీజు అడగరని ఆయన చెప్పారు. నాకు ఫోన్ చేసి ఆ సంగతి చెబుతున్నప్పుడు పెదనాన్న గొంతులో పాత హెడ్మాస్టరుగారు వినిపించారు.

హోల్డ్‌లో ఉన్న డబ్బు దానంతటదే వెనక్కి రాదు. మా కేసులో కోర్టు ఉత్తర్వు కావలసి వచ్చింది. మేం ఒక లాయరుగారి ద్వారా మేజిస్ట్రేట్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 503 సెక్షన్ కింద పిటిషన్ వేశాం. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఏ బ్యాంకులో ఏ అకౌంటులో ఎంత ఆగిందో పోలీసులు తెప్పించిన వివరం, మా బ్రాంచి స్టాంపు ఉన్న ఫిర్యాదు, పాస్‌బుక్, ఆధార్, ఇండెమ్నిటీ బాండ్ (ఈ డబ్బు మాది కాదని తర్వాత తేలితే తిరిగి కడతామనే హామీ పత్రం) జతచేశాం. పోలీసుల నుంచి అభ్యంతరం లేదని రిపోర్టు వెళ్లాలి. తెలంగాణలో ఇలాంటి డబ్బుని లోక్ అదాలత్‌లలో కూడా ఇప్పిస్తున్నారు, అక్కడున్నవాళ్లు స్టేషన్లో ఆ సంగతి అడగాలి. ఉత్తర్వు వచ్చాక దాన్ని డబ్బు ఆగి ఉన్న ప్రతి బ్యాంకుకీ విడివిడిగా చేర్చాలి. వెంటపడకపోతే అక్కడే నెలలు గడిచిపోతాయి. మేం మెయిల్ పెట్టి, రసీదు వచ్చిందాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాం.

ఆ పనుల మధ్యలోనే తెలిసింది, మొదటి లక్ష పడిన అకౌంటు ఒక డిగ్రీ కుర్రాడిదట. కమిషన్ ఇస్తామంటే తన పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అన్నీ ఎవరికో అప్పగించాడు. అకౌంటు ఫ్రీజ్ అయింది, నోటీసు వచ్చింది, ఇప్పుడు కేసులో అతని పేరుంది. వాళ్ల అమ్మ స్టేషన్ బయట మెట్ల మీద కూర్చుని ఉండగా చూశాను. దొంగ ఎక్కడో హాయిగా ఉన్నాడు, దొరికింది ఆ కుర్రాడు. కాలేజీ పిల్లలున్న ఇళ్లలో ఈ మాట ఈ రోజే చెప్పండి: అకౌంటు అద్దెకివ్వడమంటే కేసు కొని తెచ్చుకోవడమే.

ముందు డెబ్బై ఐదు వేలలో ఆగినది, తర్వాత మిగతాది పెన్షన్ అకౌంటులో పడ్డాయి. ఏటీఎంలో పోయిన అరవై మూడు వేల మీద కేసు ఇంకా నడుస్తోంది. పెన్షనర్ల సంఘం నెలవారీ మీటింగ్‌లో మాట్లాడమని పెదనాన్నని అడిగారు, ఒప్పుకున్నారు. యూటీఆర్ నంబరు ఎక్కడుంటుందో అందరి ఫోన్లలో తీసి చూపించడానికి నన్ను కూడా రమ్మన్నారు.